శౌరయ్య అంటే క్రైస్తవ పేరేనా?

మీ తాతగారు క్యాథలిక్ అయ్యుండి శౌరయ్య ఎలా అయ్యారు, శౌరి అంటే కృష్ణుడు కదా అని మీరు అడిగారు. మా నాన్న కూడా శౌరయ్యే కాబట్టి చెబుతున్నాను. ఆ పేరు పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ శౌరి గారిది, అంటే మత ప్రచారానికి వచ్చిన జేవియర్ గారిది. 1542లో గోవాలో దిగి, తమిళ ముత్యాల తీరమంతా తిరిగి, 1552 డిసెంబర్ 3న చైనా దగ్గర ఒక దీవిలో చనిపోయారు. తమిళుల నోట సవేరి అయిన పేరు మన దగ్గర శౌరి అయింది. ఇన్నాసి గారికీ, అంటే ఇగ్నేషియస్ లొయోలా గారికీ, ఈయనకీ 1622లో ఒకే రోజున పునీత పట్టం ఇచ్చారు. అందుకే మా వైపు అన్న ఇన్నయ్య అయితే తమ్ముడు శౌరయ్య.

నాన్న పింఛనుకి పుట్టిన తేదీ రుజువు కావాలంటే మా విచారణ గుడికి, అంటే మా ప్రాంతపు చర్చికి, వెళ్లాం. ఫాదర్‌గారు జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) రిజిస్టరు తీశారు. అట్ట ఊడిపోయింది, అంచులు పురుగు కొట్టేసింది, సిరా గోధుమరంగుకి తిరిగింది. నాన్న పేరు ఉండాల్సిన చోట లాటిన్‌లో ‘ఫ్రాన్సిస్కుస్ క్సవేరియుస్’ అని ఉంది. ఆ నకలు తీసుకెళితే ఆఫీసులో గుమస్తా, “ఈ ఫ్రాన్సిస్ ఎవరండీ? మీ శౌరయ్య ఏడి?” అన్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషిని పట్టుకుని! ఇద్దరూ ఒకరేనని ఫాదర్‌గారు గుడి ముద్ర వేసి రాసిచ్చాకే పని జరిగింది. ఇక ఇంగ్లిష్ స్పెల్లింగుల సంగతి చెప్పనే అక్కర్లేదు, మా ఇంట్లో ఒక్కొక్కరి ఆధార్‌లో శౌరి ఒక్కో రకంగా ఉంటుంది.

1917 నాటి తిరుసభ (క్యాథలిక్ చర్చి) చట్టం ప్రకారం బిడ్డకి క్రైస్తవ పేరే పెట్టాలి. తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే గురువు (ఫాదర్) ఒక పునీతుల పేరు కలిపి రెండూ రిజిస్టరులో రాయాలి. 1983 చట్టంలో దాన్ని సడలించి, క్రైస్తవ భావానికి విరుద్ధమైన పేరు వద్దన్నారు, అంతే. శౌరయ్యలు తగ్గిపోయింది అప్పటినుంచేనని నా గట్టి నమ్మకం. ఇప్పుడు పునీతుల పేరు పెట్టేవాళ్లు కూడా జేవియర్ అంటున్నారు. శౌరి అంటే పాతగా ఉందట! తరతరాలుగా మన నోట్లో నలిగిన పేరది, దాన్ని వదిలేయడం నాకు అస్సలు నచ్చదు. రాయప్ప (పీటర్), చిన్నప్ప (పాల్), జోజి (జోసెఫ్) కూడా ఇలాగే మాయమైపోతున్నాయి.

మీ తాతగారి పేరు రిజిస్టరులో చూడాలనుకుంటే శౌరయ్య కోసం వెతక్కండి, క్సవేరియుస్ అని వెతకండి. ఫాదర్‌గారి ఉత్తరం కూడా అప్పుడే అడిగి తీసుకోండి.