చేపలు తెల్లవారుజామున పైకి తేలుతున్నాయి, ఏ మందు కొట్టాలి?

ప్రశ్న: కైకలూరు దగ్గర మాకు 8 ఎకరాల సొంత చెరువు ఉంది, లోతు 5 అడుగులు. ఎకరాకు 2,000 జీరో సైజు (ముందే కొంత పెంచిన) చేప పిల్ల వేశాం. శీలావతి ఎక్కువ, బొచ్చె తక్కువ, ఎర్రమోసు కొద్దిగా. ఇప్పుడు సగటున 700 గ్రాములు ఉన్నాయి. వారం రోజులుగా మబ్బు పట్టి ఉంది. తెల్లవారుజామున 4 నుంచి 6 దాకా చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఎండెక్కితే దిగిపోతున్నాయి. కొన్నిటి మీద ఎర్ర చుక్కలున్నాయి. ఎర్ర జబ్బని షాపులో యాంటీబయాటిక్, పేను మందు ఇచ్చారు. రోజుకు 40 కిలోల సంచులు 12 మేత పెడుతున్నాం, రెండు వారాల కిందట ఒక ట్రాక్టరు కోళ్ల ఎరువు కూడా వేశాం. డిసెంబరులో కొంత పట్టి, మిగతాది వేసవి దాకా ఉంచుదామని ఆలోచన. ఆదివారాలు స్నేహితులు గాలం వేసుకుంటారు, ఏమన్నా ఇబ్బందా?

జవాబు: మీ చేపలకు జబ్బు లేదండీ, ఊపిరాడటం లేదు. జబ్బు చేసిన చేప ఎండెక్కగానే బాగైపోయి కిందికి దిగదు. ముందు పైకి వచ్చేది బొచ్చెలేనా, గట్టు వార నత్తలు కూడా పైకి పాకుతున్నాయా, రేపు తెల్లవారుజామున టార్చి వేసి చూడండి. రెండూ కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు, ఆక్సిజన్ కొరతే.

కారణం మీ ఉత్తరంలోనే ఉంది. 16,000 పిల్లలో పోయినవి పోగా 14,400 మిగిలాయనుకుందాం, 700 గ్రాముల లెక్కన 10 టన్నుల చేప. 2 శాతం చొప్పున రోజుకు 200 కిలోల మేత చాలు, మబ్బు రోజుల్లో అందులో సగం. మీరు పెడుతున్నది 480. తిననిదంతా అడుగున కుళ్లుతోంది, దానిమీద కోళ్ల ఎరువు, దాంతో పాచి పెరిగి నీళ్లు చిక్కటి ఆకుపచ్చ అయిపోయి ఉంటాయి. ఆ పాచి పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే తాగేస్తుంది, ఎండ లేకపోతే పగలు ఇచ్చేది కూడా తగ్గిపోతుంది. 

ఇవాళే మేత ఆపండి, మూడు రోజులు. చేప చిక్కిపోదు, భయపడొద్దు. ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఉంటే రాత్రి 11 నుంచి ఎండ వచ్చేదాకా ఆపకుండా తిప్పండి. లేకపోతే ఇంజిన్ పెట్టి చెరువు నీళ్లే ఎత్తి చెరువులోనే ఎత్తు నుంచి పడేలా చిమ్మించండి. తూము ద్వారా అడుగు నీళ్లు కొంత వదిలి, కాలువలో మంచి నీళ్లుంటే పెట్టుకోండి, పక్క చెరువు మురుగు మాత్రం వద్దు. చేపలు ఒక్కసారిగా తేలి తల వాల్చేస్తుంటే అప్పుడు ఆక్సిజన్ మాత్రలు వాడండి, రోజూ వాడేవి కావు అవి.

తర్వాత, నీళ్లు పరీక్ష చేయించారా? ఉత్తరంలో ఎక్కడా నీటి పరీక్ష అంకె ఒక్కటీ లేదు! మందుల ఖర్చు గుర్తుంటుంది గాని నీటి పరీక్ష మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆక్సిజన్ తెల్లవారుజామున 5 గంటలకు చెరువు దగ్గరే చూడాలి, సీసాలో పట్టుకెళ్తే ల్యాబుకు చేరేసరికి అంకె మారిపోతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే మంచిది, 3 కన్నా తగ్గితే ప్రమాదం. పీహెచ్ కూడా చూడండి. 7.5 కన్నా తక్కువుంటే ఎకరాకు 50 కిలోల వ్యవసాయ సున్నం నీళ్లలో కలిపి ఉదయం చల్లండి. 8.5 దాటి ఉంటే సున్నం ముట్టుకోవద్దు, అమ్మోనియా విషం పెరుగుతుంది.

ఇక ఆ యాంటీబయాటిక్. వాపసు ఇచ్చేయండి. ఆక్సిజన్ లేని చేపకు యాంటీబయాటిక్ పెట్టడమంటే ఊపిరాడని మనిషికి జ్వరం మాత్ర వేసినట్టే. షాపు వాళ్లు చెరువు చూశారా, చేపను చూశారా? మీరు "ఎర్ర జబ్బు" అన్నారు, వాళ్లు బిల్లు రాశారు.

ఎర్ర చుక్కలు బహుశా చేప పేను కుట్టినవి. పది చేపలు పట్టి రెక్కల మొదట్లో, మొప్పల పక్కన చూడండి, కందిబద్ద కన్నా చిన్నగా, పల్చగా, గాజులా ఉండి గోటితో గీరితే కదులుతుంది. ఒకటీ అరా ఉంటే తొందర లేదు. పేను మందంటే పురుగు మందే, ఆక్సిజన్ తక్కువున్నప్పుడు కొడితే పేనుతో పాటు చేపా పోతుంది, బొచ్చెకు మేతయ్యే నీటిలోని సూక్ష్మజీవులూ పోతాయి. మీరు మేత సంచులు కట్టే కర్రలకు కూడా పేను గుడ్లు పెడుతుంది, వారానికోసారి ఆ కర్రలు పీకి ఎండలో ఎండబెట్టండి. డబ్బు ఖర్చు లేని పని కాబట్టి ఎవరూ చెప్పరు.

అసలు ఎర్ర జబ్బు చలికాలంలో వస్తుంది, చుక్క కాదు, పుండు పడి కండ కనబడుతుంది. అది కనిపిస్తే సిఫాక్స్ అనే మందు, హెక్టారుకు మీటరు లోతుకు 1 లీటరు. మీ చెరువుకు సుమారు 5 లీటర్లు. 

డిసెంబరు పట్టుబడి సరే. కిలో దాటినవే తీయండి, ముందు రోజు మేత ఆపండి, చేపలు తేలిన రోజు మాత్రం వల లాగొద్దు, బురద కదిలి అడుగున ఉన్న విషవాయువులు లేస్తాయి. చిన్నవి వలలో ఒరుసుకుంటే ఆ గాయంలోనే చలికాలపు పుండు మొదలవుతుంది, కాబట్టి జనవరిలో మళ్లీ మళ్లీ వల వేయొద్దు. వేసవికి ఉంచేవాటికి కాలువలు కట్టేసేలోపే 6 అడుగుల నీళ్లు నింపుకోండి.

గాలం వేసుకోనివ్వండి, ఇబ్బంది లేదు. కానీ గాలం పడ్డ చేపను తిరిగి నీళ్లలో వదలనివ్వొద్దు. మూతి చీలిన చేప చలిలో త్వరగా కోలుకోదు. పట్టినవాళ్లనే పులుసు పెట్టుకోమనండి.