కువైట్ రికార్డర్‌ను డిష్ బాక్సుకు కలపడం గురించి అల్లుడికి

అల్లుడికి ఆశీస్సులు.

అవ్వ కోసం ఒంటిమిట్ట కల్యాణాన్ని డిష్ బాక్సు నుంచి ఎట్లా రికార్డు చేయాలో ఫోన్లో చెప్తే సగమే అర్థమైనట్టుంది, అందుకే రాస్తున్నా. మీ చిన్నాయన కువైట్ నుంచి తెచ్చిన రికార్డర్ మంచి సామానే. లోపల హార్డ్ డిస్కు ఉంది, కావాలంటే డీవీడీలోకి కూడా ఎక్కిస్తుంది. కడపలో ఏ షాపుకన్నా పోయి డీవీఆర్ అని అడుగు, సీసీ కెమెరాలకు పెట్టే డబ్బా చేతికిస్తారు. దాంతో మనకు పనిలేదు.

కరెంటు గురించి భయపడొద్దు. అక్కడ 240 వోల్టులు, మన దగ్గర 230, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. టీవీ బొమ్మ పంపే తీరు కూడా రెండు చోట్లా పాల్ అనే పద్ధతే, రంగుల గొడవా రాదు. ప్లగ్గు ఒక్కటే తేడా. దానికి పలకల పిన్నులు మూడుంటాయి, మన సాకెట్లో పట్టవు. కరెంటు సామాన్ల షాపులో అడాప్టర్ దొరుకుతుంది, కొనుక్కో. ప్లగ్గు కోసేసి, వైర్లను అగ్గిపుల్లలతో సాకెట్లో దూర్చే పని మాత్రం మన ఇంట్లో వద్దు.

ఇక అసలు సంగతి. ఆ రికార్డర్‌కు డిష్ అంటే ఏందో తెలీదు. బాక్సు ఏ బొమ్మ ఇస్తే దాన్ని రాసుకుంటుంది, అంతే. వెనకాల యాంటెన్నా అని రంధ్రం కనపడుతుంది, మిద్దె మీది గొడుగు నుంచి దిగిన వైరును అందులో పెట్టాలని చెయ్యి లాగుతుంది. పెట్టొద్దు. అది పాత దూరదర్శన్ కడ్డీ యాంటెన్నాకు. గొడుగు వైరులో బొమ్మ కిందికి రావడమే కాదు, బాక్సు నుంచి పైన గొడుగు ముందుండే ఎల్‌ఎన్‌బీ అనే చిన్న డబ్బాకు 13 లేదా 18 వోల్టుల కరెంటు కూడా పోతుంటుంది. ఆ వైరు బాక్సులోకే పోవాలి. దాన్ని మామూలు కేబుల్ టీవీ స్ప్లిట్టర్‌తో రెండుగా చీల్చినా కుదరదు.

హెచ్‌డీఎంఐ తోనూ రికార్డింగ్ కాదు. నీ రికార్డర్‌కున్న హెచ్‌డీఎంఐ బొమ్మను టీవీకి పంపేదే గానీ లోపలికి తీసుకునేది కాదు. తీసుకునే మిషన్ దొరికినా, బాక్సు నుంచి ఆ దారిలో వచ్చే బొమ్మకు కాపీ కాకుండా తాళం వేసి ఉంటుంది. మనకు మిగిలింది పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల ఏవీ వైరు. బాక్సు ఏవీ అవుట్ నుంచి రికార్డర్ ఏవీ ఇన్‌కు ఒకటి, రికార్డర్ అవుట్ నుంచి టీవీకి ఇంకోటి. ఇన్, అవుట్ తారుమారు చేసుకుని మిషన్ పాడైందనుకునే వాళ్లే ఎక్కువ. టార్చి వేసి వెనక రాసింది చదివి పెట్టు. బాక్సు నుంచి టీవీకి ఇప్పుడున్న హెచ్‌డీఎంఐ వైరును పీకొద్దు, మామూలుగా చూడ్డానికి అదే బాగుంటుంది. చాలా బాక్సులు రెండు దారుల్లోనూ ఒకేసారి బొమ్మ ఇస్తాయి.

మీ బాక్సు చిన్నదైతే మూడు రంధ్రాలు ఉండవు, ఇయర్‌ఫోన్ పెట్టేలాంటిది ఒక్కటే ఉంటుంది. దానికి ఒక కొస సన్నపిన్ను, ఇంకో కొస మూడు రంగుల పిన్నులున్న వైరు కావాలి. ఇక్కడ ఒక తిరకాసుంది. ఆ సన్నపిన్నులో నల్లగీతల మధ్య ఏది బొమ్మ, ఏది శబ్దం అనేది కంపెనీకో తీరు. బొమ్మ రాకుండా బుర్రున మోత వస్తే టెన్షన్ పడకు, పసుపు రంధ్రంలో ఎర్ర పిన్ను పెట్టి చూడు. చాలాసార్లు బొమ్మ అందులో దాక్కుని ఉంటుంది. అప్పటికీ రాకపోతే ఆ బాక్సుకు సరిపోయే వైరు వేరే కొనాల్సిందే.

అవ్వ కోసమే కదా ఇదంతా. ఒంటిమిట్ట రాములోరి కల్యాణం పండు వెన్నెల్లో జరుగుతుంది, టీటీడీ వాళ్ల ఎస్వీబీసీ చానల్లో లైవ్ వస్తుంది, తలంబ్రాలకు ముందే అవ్వ కునుకు తీస్తుంది. టైమర్ పెట్టేటప్పుడు రికార్డర్‌లో చానల్ నంబరు వెతకొద్దు. ఎల్1 అనో ఏవీ1 అనో ఉంటుంది, వైరు ఏ రంధ్రంలో పెట్టావో దాన్ని ఎంచుకో. చానల్ మార్చే బాధ్యత బాక్సుది. సాయంత్రమే ఎస్వీబీసీ పెట్టి బాక్సును ఆన్‌లో వదిలేయ్, టీవీ ఆపుకున్నా ఫరవాలేదు. కొన్ని బాక్సులు గంటలకొద్దీ రిమోట్ ముట్టుకోకపోతే వాటంతట అవే పడుకుంటాయి, సెట్టింగుల్లో అది ఆపేయ్. ఆ రాత్రి ఎవరూ క్రికెట్‌కు మార్చకుండా రిమోట్ బీరువాలో పెట్టు. నవ్వొద్దు, వాళ్లు చూసే క్రికెట్టే అవ్వ రికార్డింగ్‌లో పడుతుంది.

ముగింపు టైం అరగంట ఎక్కువ పెట్టు, లైవ్ ప్రోగ్రాములు చెప్పిన టైముకు అయిపోవు. క్వాలిటీ అడిగితే ఎస్‌పీ అనే మామూలు రకం చాలు. 4.7 జీబీ డీవీడీలో రెండు గంటలు పడుతుంది. ఎక్స్‌పీ అనే మేలురకం పెడితే ఒక గంటే. ఏవీ వైరులో వచ్చే బొమ్మకు ఎస్‌పీ కంటే ఎక్కువ పెట్టడం దండగ.

ఎండాకాలం కదా, కరెంటు సంగతి నీకు తెలుసు. బాక్సు, రికార్డర్ రెండింటినీ ఇన్వర్టర్ లైన్ మీదికి మార్చు. కరెంటు పోయొస్తే కొన్ని రికార్డర్లలో గడియారం సున్నాల మీద మిణుకుతుంటుంది, టైమర్ ఎగిరిపోతుంది. ఉరుములు మెరుపులు మొదలైతే మాత్రం ప్లగ్గులతోపాటు గొడుగు వైరు కూడా పీకేయ్.

బాక్సుకు యూఎస్‌బీ ఉంది, పెన్‌డ్రైవ్‌లోనే రికార్డు చేస్తే పోదా అన్నావు. కంపెనీ ఆ సౌకర్యం ఇచ్చి ఉంటే చెయ్యొచ్చు, ఇంత వైరింగూ తప్పుతుంది. కానీ మామూలుగా అట్లా చేసింది ఆ బాక్సులోనే ఆడుతుంది, రేపు బాక్సు మారిస్తే అవ్వకు కల్యాణం లేదు. ఇంకోటి, మొదటిసారి పెట్టగానే ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది. చెల్లెలి పెళ్లి ఫోటోలున్న పెన్‌డ్రైవ్ పెట్టి ఓకే నొక్కేవు, అన్నీ పోతాయి. ఖాళీది కొనుక్కో.

ముందురోజు టైమర్ మీదనే పది నిమిషాలు రికార్డు పెట్టి, వేసి చూడు. బొమ్మ ఒక్కటే కాదు, శబ్దం రెండు పక్కలా వస్తోందా విను. తేడా వస్తే బాక్సు వెనక, రికార్డర్ వెనక వైర్లు పీకకుండానే ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు, చూసి చెప్తా. రాత్రి తొమ్మిది దాటితే ఫోన్ చేయొద్దు, అత్త తిడుతుంది.

ఇట్లు,
మీ మామ