ఒక్క టీచరే ఉన్న బడిలో 'నాకు పాఠం చెప్పడం రాదేమో' అనిపిస్తే ఏం చేశారు?

మెగా డీఎస్సీలో వచ్చి ఏడాది కూడా కాలేదని, ఒకటి నుంచి ఐదు దాకా ఒక్కరే చూస్తున్నారని, 'ఈ ఉద్యోగానికి పనికొస్తానా' అన్న ఆలోచనతో నిద్ర పట్టడం లేదని అడిగారు. నాదీ అదే కథ మేడం. 2012 డీఎస్సీలో ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా ఎంపికయ్యాక మొదటి ఏడేళ్లు ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక ఊళ్లో, ఏకోపాధ్యాయ పాఠశాలలోనే చేశాను. 28 మంది పిల్లలు, రెండు గదులు, ఒక కుర్చీ.

రెండో ఏడాది డిసెంబరులో తనిఖీకి వచ్చిన అధికారి మూడో తరగతి పిల్లను లేపి తెలుగు వాచకం చదవమన్నారు. ముందురోజే నా దగ్గర గడగడా చదివిన పేజీ అది. ఆరోజు మాత్రం పుస్తకం గుండెకు ఆనించుకుని, కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడిపోయింది. ఆయన అరవలేదు. "జీతం తీసుకుంటున్నాం కదమ్మా" అని జీపెక్కారు. తర్వాత నేను వంటామెకు గుడ్లు ఇవ్వబోయి, 28 గుడ్లు మూడుసార్లు లెక్కపెడితే మూడుసార్లూ వేరే సంఖ్య వచ్చింది. చివరికి ఆమే నా చేతిలోంచి ట్రే తీసుకుంది.

ఆ తర్వాత చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో పక్క ఊరి మాస్టారు ఒకాయన నా ముఖం చూసి, టీ తాగుతూ ఒక కాగితం మీద లెక్క వేశారు. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదుకు నాలుగేసి. మొత్తం 18. రోజుకు పీరియడ్లు 8. "ఎనిమిదింట్లో పద్దెనిమిది ఎట్టా పడతాయమ్మా?" అన్నారు. రెండేళ్లుగా నా చేతకానితనం అనుకున్నది ఆ కాగితం మీద ఉత్త తీసివేత లెక్కలా కనిపించింది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో 60 మంది పిల్లల వరకు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లని రాసి ఉంది. కేంద్రం ఏటా బడుల వివరాలు సేకరించే యూడైస్‌లో 2024-25 లెక్కల ప్రకారం ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఏకోపాధ్యాయ బడులు 12,912. ఆ ఏడాది మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఇన్ని బడులకూ చేతకానివాళ్లే దొరికారంటారా?

అయితే లెక్క తెలిసినంత మాత్రాన పిల్ల చదవదు కదా. తెలుగు, లెక్కలకు తరగతులు పక్కనపెట్టి స్థాయిని బట్టి మూడు గుంపులు చేశాను: అక్షరాల దగ్గర ఆగినవాళ్లు, పదాలు చదివేవాళ్లు, పేరా చదివేవాళ్లు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లె బడుల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతి గురించి వినే ఉంటారు. నేను దానికి నాసిరకం నకలు చేశాను, పాత శుభలేఖల వెనక స్కెచ్ పెన్నుతో. ఒకవైపు వెంకటేశ్వర స్వామి, రెండోవైపు గుణింతాలు. ఐదో తరగతి పిల్లాడు చిన్నవాళ్ల గుంపుకి లీడరు. మొదటి రెండు నెలలూ సంతగోల. "పిల్లలే పాఠాలు చెప్పుకుంటుంటే టీచరమ్మ ఊరికే కూర్చుంటోంది" అని ఊళ్లో అన్నారు కూడా. పడ్డాను.

మీకిప్పుడు యాప్‌ల బెడద కూడా ఉంది. హాజరు సమయానికి వేయక తప్పదు. మిగిలిన ఫోటోలు, అప్‌లోడ్లు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కసారే కూర్చుని ముగించండి. పాఠం మధ్యలో సిగ్నల్ కోసం గేటు దాకా వెళ్తే తిరిగొచ్చేసరికి తరగతి చేజారిపోతుంది.

నేను చేసిన పెద్ద తప్పు సెలవు పెట్టకపోవడం. నేను రాకపోతే బడి తాళమే అన్న భయంతో జ్వరంతోనూ వెళ్లేదాన్ని. ఒకరోజు బోర్డు పట్టుకుని నిలబడిపోయాను, ఏ తరగతికి ఏం చెబుతున్నానో గుర్తులేదు. సీఎల్ (క్యాజువల్ లీవు) ఉన్నది వాడుకోవడానికే మేడం. వీలైతే ముందురోజే ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకీ, మీ క్లస్టర్ బడులు చూసే సీఆర్పీకీ మెసేజ్ పెట్టండి. సర్దుబాటు చూసుకోవాల్సింది వాళ్లు.

నిద్ర లేకపోవడం వారాల తరబడి సాగుతుంటే మాత్రం దాన్ని బడి టెన్షన్‌లో కలిపేయకండి, డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

ఆ మూడో తరగతి పిల్ల సంగతి. నాలుగులో ఉండగా వాళ్ల నాన్న ప్రైవేటు బడి బస్సు ఎక్కించాడు. అప్పటికి పేరాల గుంపులో ఉంది. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మీ బడిలో ఏ తరగతిలో ఎంతమందో, వాళ్లలో పేరా చదవగలిగేవాళ్లు ఎందరో కింద రాయండి. గుంపులు ఎలా విడదీయొచ్చో చూద్దాం.