క్లబ్బు చరిత్ర రాసేముందు

తమ్మీ,

మన పెద్దమనుషుల క్లబ్బు, అదే అరవై నిండినోళ్ల క్లబ్బు చరిత్ర రాసే పని నీకు అప్పజెప్పిండ్రని విన్న. సంతోషం. అండ్ల సగం పేజీలు శాలువలు కప్పుకున్న ఫోటోలే ఉంటయని గూడ విన్న. అధ్యక్షుల పేర్లు, సన్మానాలు రెండు పేజీలల్ల కానియ్యి. ఫోటోల ఉన్నోళ్ల మనుమలు తప్ప అవి ఎవరు సదువుతరు?

ముందుగాల బీరువ కింది అరల ఉన్న మినిట్స్ బుక్కు తియ్యి. తీర్మానాలకంటె సంతకాలు జూడు. మొదటి పుస్తకంల ఉర్దూ సంతకాలు చానుంటయి, నిజాం జమానల సదివినోళ్లవి. ఉర్దూ వచ్చినోన్ని ఒకరిని వెంట పెట్టుకో. తాలూకాఫీసుల గుమాస్తాగ చేసినాయన ఒకాయన తన సంతకం తోకను కింది లైను దాక గుంజెటోడు. పేజీలు తిప్పుకుంట పోతుంటె ఆ తోక పొట్టిగైతది, వణుకుతది, ఒక నెల నుంచి కనవడదు. ఇంకో నాలుగు పేజీలకు సంతాప తీర్మానం దొరుకుతది.

తారీకు లేని రసీదులు బొచ్చెడున్నయి. ముద్ర జూడు. 'మహబూబ్‌నగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్' అని ఉంటె 2014 జూన్ 2కు ముందటిది. 2016 దసరనాడు, అక్టోబర్ 11న, మనం నాగర్‌కర్నూల్ జిల్లాల వడ్డంక ముద్ర మళ్ల మారింది. అయినా పైలం, మన ఖజాంచి పైసకు పైస జూసుకునే మనిషి, కొత్త ముద్ర చేపియ్యనీకె తొందరపడలేదు. ఆర్నెల్లు అటిటు వేసుకో.

రిజిస్ట్రేషన్ కాయిదం మీద '1350 ఫసలీ' అని ఉంటది. ఓసారి ఒకాయన మైకుల క్లబ్బు 1350ల పుట్టిందన్నడు, మేమంత చప్పట్లు గూడ కొట్టినం! అది సొసైటీల చట్టం వచ్చిన ఏడాది, నిజాం జమాన ఫసలీ లెక్కల. 590 కలుపు, 1940 అయితది. 2001ల కొత్త సొసైటీల చట్టం వచ్చేదాక మన దిక్కు ఆ పాత చట్టం కిందనే రిజిస్టర్ చేసేది.

ఇగ అసలు సంగతి. మొదట్ల మనది పెన్షనర్ల క్లబ్బే. గంజిల, అంటె ధాన్యం బజార్ల, హమాలి ఒకాయన రోజు పొద్దుగాల వచ్చి మెట్ల మీద కూసునెటోడు. వయసుల ఉన్నప్పుడు సాగర్ కట్టకు రాళ్లు మోసిన మనిషి. పెద్ద బాలశిక్ష వట్టుకొని సొంతంగ అక్షరాలు నేర్సుకున్నడట. మేము నిన్నటి పేపరు ఇస్తె వేలు వెట్టి ఒక్కొక్క ముక్క సదివెటోడు. మెంబరుగ చేర్సుకోమని ఓసారి అడిగిండు. నేను సెక్రెటరీని. పింఛన్ బుక్కు ఉన్నదా అని అడిగిన. లేదని నాకు తెలుసు.

అదే ఏడు డిసెంబర్ 17న పెన్షనర్ల దినం చేసినం. పింఛన్ దయ కాదు, హక్కు అని 1982ల నకారా కేసుల సుప్రీంకోర్టు తీర్పిచ్చిన రోజది. నేనే మాట్లాడిన. లడ్డు మెట్ల మీదికి గూడ పంపినం. ఆయన తినలేదు, తువ్వాల కొంగుల కట్టుకున్నడు. తర్వాత అరవై నిండితె చాలని రూలు మార్చినం గని, ఆయన మళ్ల రాలేదు. ఇది నా పేరు వెట్టే రాయి.

ముసలి తల్లిదండ్రులను పిల్లలు సూసుకోవాలనే 2007 చట్టం వచ్చినంక క్లబ్బు పనే మారింది. క్యారమ్స్ ఆడనీకె వచ్చెటోళ్లకంటె, కొడుకులు సూస్తలేరని ఆర్డీఓ ఆఫీసుల అర్జీ రాయించుకోనీకె వచ్చెటోళ్లు ఎక్కువైండ్రు. సూసుకుంటమన్న షరతు మీద రాసిచ్చిన ఇల్లును, సూసుకోకుంటె 23వ సెక్షన్ కింద రద్దు చేయమని అడగొచ్చని శానమందికి మన బల్ల దగ్గర్నే తెలిసింది. ఆ పని గురించి మంచిగ రాయి, కని ఎవరి పేరూ, ఏ వాడ అన్నదీ రాయకు. ఊరు చిన్నది. కొడుకులు గూడ సదువుతరు.

ఆడోళ్లు మినిట్స్ల ఎక్కడ లేరు. మీటింగులకు చాయ్ ఏయే ఇండ్ల నుంచి వచ్చేదో ఖర్చుల పుస్తకంల ఉన్నది, ఆ ఇండ్లకు పోయి అడుగు. ముసలమ్మలు ఇంక ఇద్దరు ముగ్గురున్నరు, తొందరగ పో.

రెండో మినిట్స్ బుక్కు కోసం బీరువంత ఎతకకు. అది నా ఇంట్ల ఉన్నది. అట్టకు చెదలు వట్టింది గని, లోపల మంచిగనే ఉన్నది. హమాలి అర్జీ, దాని మీద నేను రాసిన జవాబు అండ్లనే ఉన్నయి. ఐతారం వచ్చి తీస్కపో.