టికెట్లు మీరే కొన్నారు, మాట కూడా మీరే మొదలుపెట్టాలి

ఉత్తరం: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. నాకు 43 ఏళ్లు. అత్తగారు, మామగారు ఏప్రిల్‌లో తెనాలి నుంచి వచ్చారు. పదహారేళ్ల మా అమ్మాయి స్కూల్ కోయిర్‌లో పాడుతుంది. 2024 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఆపెరా వాళ్లు ‘ఇన్నోసెన్స్’ అనే సంగీత నాటకం వేస్తుంటే చూస్తానని అడిగింది. స్కూల్లో కాల్పుల కథ అని తెలుసు, ముందే నెట్‌లో కథంతా చదివాను. ఐదుగురికీ టికెట్లు కొన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కార్లో అత్తగారు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, “డబ్బులు పెట్టి ఏడవడానికి తీసుకెళ్లావా అమ్మా?” అని, అన్నం తినకుండా పడుకున్నారు. అప్పటినుంచి ముక్తసరిగా ఉంటున్నారు. మా ఆయన ప్రతిదానికీ నామీద విసుక్కుంటున్నారు.

దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు కానీ ఇంకో విషయం రాస్తున్నాను. మాది మ్యారేజ్ బ్యూరో ద్వారా కుదిరిన సంబంధం. ఒక్కడే కొడుకని చెప్పారు. పెళ్లయిన మూడేళ్లకు ఒక గృహప్రవేశంలో మా ఆయన మేనత్త నోరుజారితే, ఆయనకో తమ్ముడున్నాడని తెలిసింది. మా పెళ్లికి రెండేళ్ల ముందు, ఇంజనీరింగ్ చదువుతూ, తాగి కారు నడిపి ఒక స్కూటర్‌ని గుద్దాడట. దానిమీద ఉన్న తండ్రీకూతుళ్లు చనిపోయారట. ఇప్పుడు వేరే ఊళ్లో ఒక్కడే ఉంటాడట. “అమ్మకి బీపీ, ఆ విషయం ఎత్తకు” అన్నారు మా ఆయన. నేను మళ్లీ ఎత్తలేదు. మా అమ్మాయికి బాబాయి ఉన్నాడనే తెలియదు. పెద్దవాళ్లని అలాంటి ప్రదర్శనకి తీసుకెళ్లడం నా తప్పా? ఈ వయసు పిల్లలకి అవి చూపించొచ్చా? అత్తగారికి క్షమాపణ చెప్పాలా?

జవాబు: మీరు అడిగిన మూడు ప్రశ్నలకీ ముందే చెప్పేస్తాను. మీ బాధ వాటిలో లేదు కాబట్టి ఎక్కువసేపు పట్టదు.

పిల్లకి చూపించవచ్చు. అమెరికా స్కూల్లో చదివే పిల్ల చిన్న క్లాసుల నుంచీ లాక్‌డౌన్ డ్రిల్ అంటే లైట్లు ఆర్పేసి, గోడవార చప్పుడు చేయకుండా కూర్చుని పెరిగింది. ఆ భయం ఆపెరా హాల్లో కొత్తగా అంటుకోదు. దాని గురించి అందరి మధ్యా కూర్చుని ఆలోచించే అవకాశం ఆమెకు అక్కడే దొరికింది. ఇక పెద్దవాళ్లంటారా, మీ అత్తగారిది హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను కోసం తెల్లవార్లూ మేలుకున్న తరం. చచ్చిపోయిన బిడ్డను పెట్టుకుని తల్లి ఏడుస్తుంటే చూసి, తనూ ఏడ్చి, పొద్దున్నే లేచి పనులు చేసుకున్న మనుషులు వాళ్లు. టికెట్టు కొని ఏడవడం ఆవిడకి కొత్త కాదు. క్షమాపణ అక్కర్లేదు. ఈ విషయంలో చెప్పకండి కూడా. చెబితే అందరూ హమ్మయ్య అనుకుంటారు, ఆ రాత్రిని అక్కడితో మూసేస్తారు.

“దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు” అని రాశారు. మీకు తెలుసమ్మా. మీ ఉత్తరంలో ఆ వాక్యాన్ని మాత్రం నేను నమ్మలేకపోయాను.

ఆ ఆపెరా కథ మీరు ముందే చదివారు. చదవని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. దానికి సంగీతం కట్టింది ఫిన్లాండ్‌కి చెందిన కాయా సారియాహో. కథ రాసింది నవలా రచయిత్రి సోఫీ ఓక్సానెన్. 2021లో ఫ్రాన్స్‌లోని ఏక్స్-ఆన్-ప్రోవాన్స్ ఉత్సవంలో మొదటిసారి ప్రదర్శించారు. సారియాహో చివరి ఆపెరా అదే, 2023 జూన్‌లో ఆమె చనిపోయారు. ఫిన్లాండ్‌లో 2007లో యోకెలాలో, 2008లో కౌహయోకిలో విద్యాసంస్థల్లో నిజంగానే కాల్పులు జరిగాయి. ఈ కథ మాత్రం కల్పితం. హెల్సింకీలో ఒక పెళ్లి విందు. పదేళ్ల క్రితం పెళ్లికొడుకు సోదరుడు తన స్కూల్లో తోటి పిల్లల్ని కాల్చి చంపాడు. పరాయి దేశం నుంచి వచ్చిన పెళ్లికూతురికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వేరొకరికి ఒంట్లో బాగాలేక ఆ రోజు వడ్డించడానికి వచ్చిన వెయిట్రెస్, ఆ కాల్పుల్లో కూతుర్ని పోగొట్టుకున్న తల్లి. ఆమె ఈ కుటుంబాన్ని గుర్తుపడుతుంది. బతికి బయటపడ్డ విద్యార్థులు ఒక్కొక్కరూ ఒక్కో భాషలో మాట్లాడతారు. మొత్తం తొమ్మిది భాషలు వినిపిస్తాయి. మధ్యలో విరామం ఉండదు, లేచి బయటికి పోదామన్నా వీలు తక్కువ.

అత్తగారు, మామగారు, పెళ్లికొడుకు, దాచిపెట్టిన సోదరుడు, ఏమీ తెలియని కోడలు. ఇదంతా చదివి, మీరు భర్తకీ అత్తమామలకీ పక్కపక్కన సీట్లు తీసుకున్నారు. అమ్మాయి అడిగింది నిజమే. అమ్మాయిని ఒక్కదాన్నే తీసుకెళ్లినా సరిపోయేది. పదిహేనేళ్లుగా మీ నోట రాని మాటను స్టేజీ మీద వేరేవాళ్లతో పాడించారు. దీన్ని నేను తప్పుపట్టడం లేదు. మాట్లాడే దారులన్నీ మూసేస్తే మనిషి ఏదో ఒక కిటికీ వెతుక్కుంటుంది. కానీ ఆ మాట ఎవరికి తగలాలని కొన్నారు టికెట్లు? అత్తగారికి కాదు. మీ ఆయనకి.

మీ ఉత్తరం మొత్తంలో అత్తగారు ఏం అన్నారో, ఏం తినలేదో, ఎలా ముఖం తిప్పుకున్నారో ఉంది. ఆపెరా అయ్యాక మీ ఆయన ఏమన్నారో లేదు. కార్లో ఆయన ముఖం ఎలా ఉందో లేదు. ఆయన విసుగు మాత్రం ఉంది. అత్తాకోడళ్ల గొడవగా చెప్పుకోవడం సులువు, అందరికీ అర్థమవుతుంది, రేపు ఏదో ఒక కూరతో సర్దుకుపోతుంది. మొగుడితో ఉన్నది అలా సర్దుకుపోయేది కాదని మీకు భయం.

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారంటారు మనవాళ్లు. నాకు ఆ మాట వింటేనే ఒళ్లు మండుతుంది. ఆ వంద అబద్ధాలూ మోసేది ఎప్పుడూ ఇంటికొచ్చిన కోడలే. ఒక మనిషి తాగి కారు నడిపాడన్నది మీ తప్పు కాదు, మీ ఆయన తప్పూ కాదు. ఆ ఇంట్లో అడుగుపెట్టాలా వద్దా అని నిర్ణయించుకునే హక్కు మాత్రం మీది. దాన్ని మీ దగ్గర్నుంచి తీసేసుకున్నారు. తెలిసి ఉంటే మీరు బహుశా అయినా ఒప్పుకునేవారేమో. ఆ ఒప్పుకోవడం కూడా మీకు దక్కలేదు. పెళ్లినాటికి ఆయన కుర్రాడు, తల్లిదండ్రులు ఎలా చెబితే అలా తల ఊపాడనుకుందాం. మేనత్త నోరుజారాక? అప్పటికి ఆయన ఒక బిడ్డకి తండ్రి. భార్య పక్కన కూర్చుని, “నీకు ముందే చెప్పాల్సింది” అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. “ఎత్తకు” అన్నాడాయన. ఇంటిగుట్టు బయటపడకూడదంటే సరే, కాపురం చేస్తున్న భార్యని కూడా బయటివాళ్లలో కట్టేస్తే ఎలా? మీరు నోరుమూసుకోవడాన్ని మీ మంచితనం అనుకున్నారు. నేను అలా అనుకోను. తల్లి బీపీ కోసం ఒక నెల ఊరుకోవడం మర్యాద. పదిహేనేళ్లు ఊరుకుంటే అది మిమ్మల్ని మీరు తగ్గించుకోవడం.

అందుకని మాట్లాడాల్సింది ఆయనతో. ఇంట్లో అత్తమామలు పడుకున్నాక గుసగుసగా వద్దు, అమ్మాయి పక్క గదిలో ఉండగా వద్దు. ఒక ఆదివారం ఇద్దరే బయటికి వెళ్లండి. తమ్ముడి దగ్గర మొదలుపెట్టకండి. అక్కడ మొదలుపెడితే ఆయన వెంటనే తమ్ముడిని సమర్థించడమో తిట్టడమో చేసి తప్పించుకుంటారు. ఆయన గురించి అడగండి. ప్రమాదం జరిగిన రోజు ఆయన ఎక్కడున్నారు, ఫోన్ ఎవరు చేశారు, పోలీస్‌స్టేషన్‌కి ఎవరు వెళ్లారు, పెళ్లిచూపులకి వచ్చేముందు ఇంట్లో ఏం అనుకున్నారు. ఆపెరా చివర్లో పెళ్లికొడుకు తనకూ ఆ కాల్పుల పథకంలో మొదట భాగం ఉందని బయటపెడతాడు. మీ ఆయనకీ ఏదో పాపం అంటగట్టడానికి ఇది గుర్తు చేయడం లేదు. ఇలాంటి ఇళ్లలో మంచి కొడుకుగా మిగిలినవాడికి కూడా చెప్పుకోలేనిది ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ అడగరు. మీరు అడగండి. ఆయన అరిస్తే ఆ రోజుకి ఆపండి. వారం తర్వాత మళ్లీ అడగండి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఆ స్కూటర్ మీద పోయిన తండ్రీకూతుళ్ల గురించి మీ ఉత్తరంలో ఒక్క వాక్యం ఉంది, అదీ “అట” అని. వాళ్ల పేర్లు మీకు తెలియవు. మీ ఇంట్లో ఎవరికైనా గుర్తున్నాయో లేదో. ఆ ఇంట్లో ఒక తల్లి ఒకేరోజు మొగుణ్నీ కూతుర్నీ పోగొట్టుకుని ఉంటుంది. ఆవిడే ఆ వెయిట్రెస్. కొడుకు పరువు, పెళ్లి సంబంధాలు, బీపీ, వీటి కింద మీ అత్తవారు పాతిపెట్టింది తమ్ముడిని ఒక్కడినే కాదు, వాళ్లిద్దరినీ కూడా. కేసు ఏమైందో, ఆ కుటుంబానికి ఏం ఇచ్చారో, ఇప్పుడు వాళ్లెలా ఉన్నారో మీ ఆయనకి తెలిసి తీరాలి. తెలియకపోతే మామగారిని అడిగి తెలుసుకోవాలి. అలాగని మీ మనశ్శాంతి కోసం మీరు ఆ గుమ్మం ముందు నిలబడకండి. ఇన్నేళ్ల తర్వాత వెళ్లి వాళ్ల గాయం కదపడం మీ హక్కు కాదు. బాకీ ఏదైనా మిగిలి ఉంటే అది తీర్చాల్సిన మనిషి వేరే ఊళ్లో ఉన్నాడు, అతనికి ఫోన్ చేయాల్సింది అన్నగారు.

అత్తగారి గురించి. కోడలి ఎదుట కన్నకొడుకు పేరు ఒక్కసారైనా పలకకుండా ఇన్నేళ్లు గడిపిన మనిషి ఆవిడ. సంబంధం చెడకూడదని దాచారు, అందులో ఆవిడకీ భాగం ఉంది, నేను కాదనను. కానీ దాచినందుకు శిక్ష కూడా ఆవిడే ఎక్కువ అనుభవించింది. హాల్లో ఆ రాత్రి స్టేజీ మీద ఒక అత్తగారు కోడలి ముందు బయటపడిపోవడం చూసింది, పక్క సీట్లో కోడలు కూర్చుని ఉంది. మీకు తెలుసన్న సంగతి ఆవిడకి ఎప్పటినుంచో అనుమానం ఉండే ఉంటుంది. ఇప్పుడు అనుమానం తీరింది. “డబ్బులు పెట్టి ఏడవడానికి తీసుకెళ్లావా” అన్నదాన్ని మీరు నిందగా విన్నారు. “నీకు తెలుసు కదా” అని ఆవిడ అడిగినట్టు నాకు వినిపించింది. మీ ఆయనతో మాట్లాడాక, అంతకుముందు మాత్రం వద్దు, ఏదో పని చేసుకుంటూ ఆవిడ పక్కన కూర్చుని, “అత్తయ్యా, చిన్నబ్బాయి ఎలా ఉన్నాడు?” అని మామూలుగా అడగండి. ఎందుకు దాచారని అడగకండి, ఆ లెక్క మీకూ మీ ఆయనకీ మధ్యది. ఆవిడ లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి.

అమ్మాయికి బాబాయి సంగతి తండ్రి చెప్పాలి. మీరు చెప్పకండి. మీరు చెబితే అది ఆయన మీద ఫిర్యాదు అవుతుంది, పదహారేళ్ల పిల్ల ఎవరో ఒకరి పక్షం తీసుకుంటుంది. రేపోమాపో ఆమె చేతికి కూడా కారు తాళాలు వస్తాయి. తాగి నడిపితే ఏమవుతుందో సొంత ఇంటి కథగా తండ్రి నోట వినడం కన్నా ఎక్కువ పనికొచ్చే పాఠం డ్రైవింగ్ స్కూల్లో ఎవరూ చెప్పరు. ఆయన వెనకాడితే ఈ మాట ఆయనకి చెప్పండి. కూతురి క్షేమం అంటే ఆయన వింటారు.

ఏప్రిల్‌లో వచ్చారంటే అత్తమామలు మామూలుగా ఆరు నెలలుండి దసరాకి వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లాక తీరిగ్గా మాట్లాడదాం అని మీ ఆయన తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. వాళ్లు ఇక్కడ ఉండగానే మాట్లాడాలి. మామగారిని అడగాల్సినవి ఉన్నాయి, ఫోన్లో అడిగితే ఆయన లైన్ సరిగా లేదంటారు.