పంట లెక్కలో నీ పని

చిరంజీవికి ఆశీస్సులు.

పొలం పనిలో ఎక్కువ భాగం నీ చేతుల మీదుగానే జరుగుతున్నా, పంట డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు నిన్ను ఎవరూ అడగడం లేదని రాశావు. దీని మీద ఇంట్లో వాదనకు దిగే ముందు లెక్క రాయడం మొదలుపెట్టు.

ఇంటి మనిషి చేసిన పనికి కూలి ఇవ్వరు కనుక అది ఖర్చులోకి రాదు. ఖర్చులోకి రానిది పెట్టుబడిగా ఎవరి కంటికీ ఆనదు. అందుచేత విత్తనం ఏరడం మొదలు పంట ఎండబెట్టి నిల్వ చేసేదాకా ప్రతి పనినీ, "కలుపు, చెరువు వైపు మడి, నేను, ఆరు గంటలు" అన్నట్లు ఏ రోజుది ఆ రోజే రాసి, అదే పనికి బయటి మనిషిని పెట్టుకుంటే ఎంత కూలి అయ్యేదో పక్కన వేసుకో. మందు కొట్టే రోజు నీళ్లు మోయడం వంటివి లెక్కలోంచి జారిపోతాయి, అవీ రాయి. వంట, పిల్లల పని మాత్రం వేరే పేజీలో ఉంచు. అవి తక్కువ పనులని కాదు గానీ, రెండూ కలిపితే పుస్తకం మొత్తాన్నీ నవ్వి పక్కన పెట్టేస్తారు.

ఆడవాళ్లు చూసుకునే మడిలో దిగుబడి తక్కువని ఎవరో ఒకరు అంటారు. చాలాచోట్ల ఆ మాట నిజమే, కారణం వేరు. పశ్చిమ ఆఫ్రికా దేశమైన బుర్కినా ఫాసోలో ఒకే కుటుంబంలోని మడులను పోల్చి చూసిన పరిశోధనలో, ఎరువూ మనుషుల శ్రమా మగవారి మడులకే ఎక్కువగా వెళుతున్నట్లు తేలింది. భూమి, ఎరువు వంటి వనరులు సమానంగా అందితే వర్ధమాన దేశాల్లో మహిళల పొలాల దిగుబడి 20 నుంచి 30 శాతం పెరగగలదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2011లో అంచనా వేసింది. కాబట్టి ఏ మడికి ఎన్ని బస్తాల ఎరువు పడిందో కూడా నీ పుస్తకంలో ఉండాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది రాబడి పెరిగేటప్పుడు. పశ్చిమ ఆఫ్రికాలోనే ఉన్న గాంబియాలో వరి తరతరాలుగా ఆడవాళ్ల పంట; 1980లలో పెద్ద సాగునీటి పథకం వచ్చి ఏటా రెండు పంటలకు వీలు కలిగాక, ఆ మడుల మీద అజమాయిషీ చాలావరకు మగవారి చేతికి వెళ్లింది. నీరో, మంచి ధరో వచ్చేదాకా ఆగకుండా భూమి పత్రంలో నీ పేరు చేర్పించడానికి ప్రయత్నించు. కౌలు నేల అయితే ఒప్పందం నీ పేరుతో కలిపి రాయించు. తూకం దగ్గర స్వయంగా నిలబడి, సొమ్ము నీ పేరు కూడా ఉన్న ఖాతాలోనే పడేటట్లు చూసుకో.

ఇక అప్పు. కాగితం మీద ఆడవాళ్ల పేరు, డబ్బు వేరొకరి చేతిలో ఉండటం నేను చాలా ఇళ్లలో చూశాను. ఆ సొమ్ము ఏ మడికి వాడతారో, కిస్తీ ఎవరి రాబడిలోంచి కడతారో తేలకుండా సంతకం పెట్టకు. మొదటి కిస్తీ గడువు పంట అమ్మకం తరువాత వచ్చేటట్లు ముందే అడుగు.

ఇట్లు,
నీ పెద్దమ్మ