చెప్పింది చేరిందా?

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే. "నేను చెప్పాను, వాళ్లు వినలేదు" అని కొందరు, "నేను వింటూనే ఉన్నాను, వినడం లేదంటున్నారు" అని ఇంకొందరు. మాట ఎక్కడ జారిపోతోందో పట్టుకోగలిగితే దిద్దుకోవచ్చు. ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. పని అప్పగించేటప్పుడు విడమరిచి చెబుతాను. "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. తీరా చూస్తే చేసుకొచ్చేది వేరు. మళ్లీ మొదటి నుంచి చేయించాల్సి వస్తోంది. లోపం నాలో ఉందా, వాళ్లలోనా?

జవాబు: లోపం మీరు వాళ్లను అడుగుతున్న ప్రశ్నలోనే ఉంది. పైఅధికారి "అర్థమైందా?" అంటే "కాలేదండీ" అనేవాళ్లు అరుదు. మొహమాటం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, వాళ్లకు నిజంగానే అర్థమైందనిపించడం. విన్నదాన్ని ఎవరికి వాళ్లు తమకు అలవాటైన పద్ధతిలో అమర్చుకుని, మీరు చెప్పింది అదేననుకుంటారు. తేడా బయటపడేది పని పూర్తయ్యాకే.

చెప్పేవాళ్లకూ ఇలాంటి భ్రమే ఉంటుంది. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు కొందరి చేత బాగా తెలిసిన పాటల వరసను బల్లమీద వేళ్లతో కొట్టించారు. పాట ఏదో ఎదుటివాళ్లు చెప్పాలి. సగం పాటలైనా గుర్తుపడతారని కొట్టేవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో గుర్తుపట్టింది మూడే. కొట్టేవాళ్ల బుర్రలో పాటంతా మోగుతుంటుంది, వినేవాళ్లకు చేరేది టకటక చప్పుడే. పని అప్పగించేటప్పుడు ఆ పని పూర్వాపరాలన్నీ మీ మనసులో ఉంటాయి. నోటి నుంచి వచ్చేది అందులో కొంతే.

"త్వరగా ఫిర్యాదుల రిపోర్టు పంపండి" అనే బదులు ఇలా చెప్పి చూడండి: "గత నెల ఫిర్యాదుల మీద రెండు పేజీల రిపోర్టు కావాలి. గురువారం మధ్యాహ్నం మూడింటికల్లా నాకు పంపండి. ఏ పనికి ముందు మనుషుల్ని పెట్టాలో దాన్నిబట్టి తేలుస్తాను. కస్టమర్లకు ఫోన్లు చేయనక్కర్లేదు. అంకెలు పొంతన కుదరకపోతే బుధవారంలోపే నన్ను అడగండి." ఏమిటి, ఎంత, ఎప్పటికి, ఎందుకు, ఎక్కడ ఆగాలి, చిక్కొస్తే ఏం చేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. చాలామంది వదిలేసేది "ఎందుకు". అది తెలిస్తే మీరు చెప్పని చిన్నచిన్న విషయాలను వాళ్లే సరిగ్గా తేల్చుకుంటారు. తెలియకపోతే ప్రతిదానికీ మీ దగ్గరికి రావాలి, లేదా ఊహించుకోవాలి.

తర్వాతి మెట్టు, తిరిగి చెప్పించుకోవడం. అప్పజెప్పించుకుంటున్నట్టు ఉండకూడదు. "నేనేమైనా వదిలేశానేమో చూసుకోవాలి, ముందు ఏం మొదలుపెడతారో చెప్పండి" అని అడగండి. బాధ్యత మీ మీద వేసుకున్నారు కాబట్టి వాళ్లు చిన్నబుచ్చుకోరు. మీ మాటలే మీకు చిలకలా అప్పజెబితే నమ్మకండి, మొదటి రెండు అడుగులు వాళ్ల మాటల్లో రావాలి. పదిమంది ముందు ఒక్కరినే అడగకండి. తప్పులు చేసేవాళ్లనే ఏరి అడిగినా అది శిక్షగా మారుతుంది. అందరికీ ఒకే పద్ధతి పెట్టండి.

ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తే విమానయానం నేర్చుకున్న పాఠం చూడండి. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనరీఫ్ దీవి విమానాశ్రయంలో పొగమంచులో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. వాటిలో ఒకదానికి ఎగిరాక ఏ దారిన వెళ్లాలో చెప్పే అనుమతి వచ్చింది గానీ, టేకాఫ్ అనుమతి రాలేదు. అయినా అది పరుగందుకుంది. కో-పైలట్ చివర్లో "టేకాఫ్" అంటూ చెప్పిన మాటను, విమానం ఇంకా ఆగే ఉందన్నట్టుగా టవర్ అర్థం చేసుకుని "ఓకే" అంది. ఆగమని చెప్పిన మిగతా మాట, రెండు రేడియో సందేశాలు ఒకదాని మీద ఒకటి పడి, సరిగా వినిపించలేదు. ప్రమాదానికి ఇంకా కారణాలున్నాయి. కానీ ఆ తర్వాత టేకాఫ్ అనే మాటను ఆ అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదనీ, ఉత్త "ఓకే" చాలదు, ముఖ్య భాగాలను తిరిగి చదివి వినిపించాలనీ నియమాలు బిగించారు.

ప్రశ్న: వాట్సాప్‌లో మామూలుగా రాసిందే అవతలివాళ్లకు వెటకారంగానో కోపంగానో కనిపిస్తోంది. ఎలా రాయాలి?

జవాబు: రాసేటప్పుడు మీ గొంతు మీ చెవుల్లో వినిపిస్తుంటుంది, చదివేవాళ్లకు వినిపించదు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం ఈమెయిళ్ల మీద చేసిన ప్రయోగాల్లో, తాము వెటకారంగా రాశామో మామూలుగా రాశామో చదివేవాళ్లు దాదాపు పదింట ఎనిమిదిసార్లు పోల్చుకుంటారని రాసినవాళ్లు అనుకున్నారు. నిజంగా పోల్చుకున్నది సగం కంటే కాస్త ఎక్కువే, అంతే. అందుకని అడగాల్సింది మొదటి వాక్యంలోనే అడగండి, ఒక మెసేజ్‌లో ఒక్క విషయమే పెట్టండి, "సరే", "చూద్దాం" లాంటి ఒంటి మాటలతో ముగించకండి. అటూ ఇటూ రెండేసి మెసేజ్‌లు నడిచినా చిక్కు వీడకపోతే ఫోన్ చేసి మాట్లాడండి. తేలిన విషయాన్ని తర్వాత ఒక వాక్యంలో రాసి పంపండి.

ప్రశ్న: మా ఆవిడ ఆఫీసులో ఇబ్బందులు నాతో చెప్పుకుంటుంది. నేను విని, ఏం చేయాలో కూడా చెబుతాను. అయినా "మీరసలు వినరు" అంటుంది. ఇంకెలా వినాలి?

జవాబు: ఆవిడ మాట పూర్తికాకముందే మీ సలహా తయారైపోతోంది, కారణం అదే. ఇది మీ ఒక్కరి లోపం కాదు. 2009లో పది భాషల సంభాషణలను పోల్చి చూసిన ఒక పరిశోధనలో, ఒకరు ముగించాక మరొకరు అందుకోవడానికి పట్టే వ్యవధి సగటున సెకనులో అయిదో వంతు ఉంది. ఒక వాక్యం కూర్చుకోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. అంటే అందరం వింటూనే జవాబు అల్లుకుంటాం. అల్లిక మొదలయ్యాక వినడం పలచబడుతుంది. పైగా మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఔనో కాదో అక్కడే తేలుతుంది. సరిగ్గా ఆ చివరే మన ధ్యాస ఇంకెక్కడో ఉంటుంది.

ఆవిడ ఆగాక రెండు సెకన్లు మీరూ ఆగండి. సగంసార్లు అసలు విషయం ఆ తర్వాతే వస్తుంది. అప్పుడు విన్నదాన్ని ఒక్క వాక్యంలో, జరిగినదాంతో పాటు ఆమెకు ఏమనిపించిందో కూడా కలిపి చెప్పండి. ఉదాహరణకు ఆమె "నెల రోజులు నేను చేసిన పనిని మీటింగ్‌లో వేరేవాళ్ల పేరు మీద చూపించారు" అంది. "మేనేజర్‌కు మెయిల్ పెట్టు" అన్నారనుకోండి, మాట అక్కడితో తెగిపోయింది. "నీ పేరు తీసేశారు, పైగా అక్కడున్నవాళ్లెవరూ నోరు విప్పలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది, అంతేనా?" అని అడగండి. "వాళ్ల సంగతి కాదు, నేనే ఏమీ అనలేకపోయాను" అని ఆమె దిద్దవచ్చు. మీరు తప్పుగా పట్టుకున్నారని నొచ్చుకోకండి. ఆ దిద్దుబాటు కోసమే అడిగింది. ఆ తర్వాత, "ఏం చేద్దామో ఆలోచిద్దామా, ఊరికే వినమంటావా?" అని అడిగి, ఆమె చెప్పినట్టు చేయండి.

చెడేది కొన్ని చోట్ల. ఆమె మాటలనే యథాతథంగా అప్పజెబితే ఒళ్లు మండుతుంది. "నాకర్థమైంది" అనడం రుజువు కాదు. "నాకూ ఒకసారి ఇలాగే జరిగింది" అంటే సంభాషణ మీ వైపు మళ్లిపోతుంది. ఫోన్ బోర్లా పెట్టినా చూపు దాని మీదికి పోతూనే ఉంటుంది, పక్క గదిలో పెట్టండి. మీరే అలిసిపోయి ఉంటే విన్నట్టు నటించకుండా "ఇరవై నిమిషాలు ఆగి వింటాను" అని చెప్పండి. ఇరవై నిమిషాలకు మీరే వెళ్లి అడగాలి, ఆవిడ గుర్తుచేసేదాకా ఆగకూడదు.

మాటామాటా పెరిగినప్పుడు పనికొచ్చే నియమాన్ని మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ 1952లో సూచించారు: అవతలివారు చెప్పినదాన్ని, వాళ్లు "అవును, అదే" అనేలా తిరిగి చెప్పాకే మన వాదన మొదలుపెట్టాలి. చెప్పినంత తేలిక కాదు, కోపంలో ఉన్నప్పుడు మరీను. ఇద్దరూ ముందే ఒప్పుకుని ఉంటేనే నడుస్తుంది, గొడవ మధ్యలో ఒకరు ప్రకటిస్తే నడవదు.

ప్రశ్న: మాటల ప్రభావం 7 శాతమే, మిగతా 93 శాతం గొంతు, హావభావాలదేనని ట్రైనింగ్‌లో చెప్పారు. నిజమేనా?

జవాబు: అలా చెప్పడం తప్పు. ఆ అంకెలు మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాల నుంచి వచ్చాయి. ఎదుటివారికి మన మీద ఇష్టమా అయిష్టమా అన్నది, మాట ఒక రకంగా, గొంతు, ముఖం ఇంకో రకంగా ఉన్నప్పుడు వినేవాళ్లు దేన్ని నమ్ముతారో చూసిన ప్రయోగాలవి. మొత్తం సంభాషణకు అంటగట్టకూడదని ఆయనే స్పష్టం చేశారు. 93 శాతం హావభావాలే అయితే తెలియని భాషలో ఉపన్యాసం కూడా అర్థమైపోవాలి. ముఖానికీ మాటకూ పొంతన లేదనిపించినప్పుడు నిర్ధారించుకోకుండా "సరేనంటున్నారు గానీ ఏదో సందేహం ఉన్నట్టుంది, చెప్పండి" అని అడగండి. ఆ ప్రయోగాల నుంచి తీసుకోదగ్గది అంతవరకే.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఏమడిగినా "బానే ఉంది", "ఏం లేదు" అంటాడు. మాట్లాడించడం ఎలా?

జవాబు: "స్కూల్ ఎలా ఉంది?" అంటే "బానే ఉంది" కన్నా పెద్ద జవాబు రాదు. "సైన్స్ ప్రాజెక్టులో నీ వాటా ఏది?" అని పట్టుకోదగ్గ ప్రశ్న వేయండి. అడిగాక మూడు సెకన్లు మౌనంగా ఉండండి. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకనే ఆగుతున్నారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతున్నాయనీ మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల్లో గమనించారు. ఇంట్లోనూ అంతే. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే విచారణలా ఉంటుంది, నడుస్తూనో పని చేస్తూనో పక్కపక్కన ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. వాడు చెప్పింది తప్పే అయినా అక్కడికక్కడ దిద్దకండి. చెప్పిన ప్రతిసారీ క్లాసు పీకితే చెప్పడం మానేస్తాడు.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. "వినిపిస్తోంది, అర్థం కావడం లేదు" అంటారు. గట్టిగా చెబితే "ఎందుకలా అరుస్తావు?" అని కోప్పడతారు. మేమేం చేయాలి?

జవాబు: ఆయన చెబుతున్నది అక్షరాలా నిజం. వయసుతో వచ్చే వినికిడి లోపం సన్నటి, హెచ్చు శ్రుతి ధ్వనులతో మొదలవుతుంది. అచ్చులు బలంగా ఉంటాయి కాబట్టి చేరతాయి. స, శ, క, త, ప లాంటివి పలచబడతాయి. దాంతో మాట ఉందని తెలుస్తుంది గానీ "కాలు" అన్నారో "పాలు" అన్నారో తేలదు. అరిస్తే అచ్చులే పెరుగుతాయి, పెదవుల కదలికా వంకరపోతుంది. పైగా ఈ లోపంలో చిన్న శబ్దం వినపడదు, పెద్దది భరించలేరు, మధ్యలో ఉండే పరిధి ఇరుకవుతుంది. అందుకే ఆ కోపం.

ముందు పిలిచి, ఆయన మీ వైపు చూశాక మాట్లాడండి. ఒక మీటరు దూరంలో ఎదురుగా ఉండండి. వెలుతురు మీ ముఖం మీద పడాలి, కిటికీ మీ వెనకుంటే పెదవులు కనిపించవు. టీవీ, ఫ్యాన్ చప్పుడు ఆపండి. గొంతు కాస్త పెంచి, పదబంధాల మధ్య చిన్న విరామం ఇవ్వండి. దేని గురించో ముందే చెప్పండి: "డాక్టర్ అపాయింట్‌మెంట్ సంగతి..." అని. అర్థం కాకపోతే ఒక్కసారి మళ్లీ చెప్పి, అప్పటికీ అందకపోతే వేరే మాటల్లో చెప్పండి. టైము, మందుల మోతాదు కాగితం మీద రాసిచ్చి, ఆయన చేత తిరిగి చెప్పించుకోండి. "ఏం లేదులే, వదిలెయ్" అనకండి. ఆ మాట పదేపదే విన్నవాళ్లు అడగడమే మానేసి, నలుగురిలో కూర్చోవడం తగ్గించుకుంటారు.

ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. కొన్నిసార్లు గులిమి తీస్తేనే సగం సమస్య పోతుంది. తర్వాత వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్‌తో పాటు మాటలు గుర్తుపట్టే పరీక్ష కూడా చేయించండి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకుండా పోతే మాత్రం ఆ రోజే వెళ్లాలి, ఆలస్యమైతే కోలుకునే అవకాశం తగ్గుతుంది. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) ముప్పును పెంచేవాటిలో మనం సరిదిద్దుకోగల కారణంగా వినికిడి లోపాన్ని లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ 2017 నుంచీ పేర్కొంటోంది, కాబట్టి "వయసు కదా" అని వదిలేయకండి. హియరింగ్ ఎయిడ్ ఇస్తే మెదడు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక మనిషితో, రోజుకు రెండు మూడు గంటలు పెట్టించండి. మొదటి రోజే జనం మధ్యకు తీసుకెళ్తే ఆ హోరు తట్టుకోలేక తీసి డ్రాయర్లో పడేస్తారు. నెల తర్వాత తిరిగి వెళ్లి సెట్టింగులు సరిచేయించుకోండి, ఎక్కడ ఇబ్బందిగా ఉందో ఆ నెలంతా ఆయన చేతే రాయించండి.